నాలుక కొసన ఉప్పు

తెల్లవారుజామున తెల్లదారం నల్లదారం నుంచి స్పష్టంగా వేరుపడేదాకా తినండి, తాగండి, ఆపై రాత్రి వరకూ ఉపవాసాన్ని పూర్తి చేయండి అని ఖుర్ఆన్ రెండవ సూరా (అధ్యాయం) అల్ బఖరాలోని 187వ ఆయత్ (వాక్యం) రోజాకు, అంటే ఉపవాసానికి, హద్దులు చెబుతుంది. ఆ రెండు హద్దుల నడుమ పొయ్యి దగ్గర నిలబడి ఇంటిల్లిపాదికీ ఇఫ్తార్, అంటే ఉపవాసం విరమించే భోజనం, సిద్ధం చేసేవారి రోజా గురించే నా ఆలోచన. కోనసీమలోని మా ఇంట్లో అసర్ (సాయంకాలపు) నమాజు తరువాత కూర ఉడుకుతుండగా అమ్మ ఒక చుక్క పులుసును నాలుక కొసకు తాకించి, వెంటనే ఉమ్మేసి, నోరు పుక్కిలించేది. రోజా పోయిందేమోనని చిన్నప్పుడు నేను భయపడేదాన్ని.

వంటకం రుచి చూడడంలో దోషం లేదని దైవప్రవక్త (స: ఆయనకు శుభాలూ శాంతీ కలుగుగాక) సహచరులైన ఇబ్నె అబ్బాస్ (రజి: అల్లాహ్ ప్రసన్నుడగుగాక) చెప్పారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం అవసరం లేకుండా రుచి చూడడం మక్రూహ్, అంటే అయిష్టకరం, అవసరముంటే ఫరవాలేదు. ఉప్పు తగ్గితే మండిపడే భర్త ఉన్న ఇల్లాలిని ఆ అవసరానికి ఉదాహరణగా ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్ర) పండితులు పేర్కొన్నారు. వండే మనిషి భయాన్ని సైతం లెక్కలోకి తీసుకున్న ఆ వివేచన నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

దీని వెనుక ఉన్న సూత్రం ఒక హదీసులో, అంటే ప్రవక్త (స) మాటలను, చేతలను తెలిపే ఉల్లేఖనంలో, కనిపిస్తుంది. రోజాలో ఉండగా భార్యను ముద్దు పెట్టుకున్నానని సహచరులైన హజ్రత్ ఉమర్ (రజి) కలవరపడి వచ్చినప్పుడు, రోజాలో నీళ్ళతో నోరు పుక్కిలిస్తే ఏమవుతుందని ప్రవక్త (స) ఎదురు ప్రశ్న వేశారు. దానివల్ల ఏమీ కాదని ఉమర్ (రజి) ఒప్పుకున్నారు. నోరు గడప వంటిది, గొంతు దాటితేనే లోపలికి వెళ్ళినట్టు. అందుకే, రోజా గుర్తుండగా రుచి చూస్తూ పొరపాటున మింగితే హనఫీల ప్రకారం ఆ రోజా భంగమై, దానికి బదులు మరొక రోజు ఉండాలి. రోజా సంగతే మరచిపోయి తిన్నవారు మాత్రం దానిని కొనసాగించాలి, ఎందుకంటే వారికి తినిపించినవాడు అల్లాహ్‌యే అని హదీసు. కొబ్బరి డొక్కల పొయ్యి ఊదేటప్పుడు తనంతట తాను గొంతులోకి పోయే పొగ వల్ల గానీ, వంట వాసన వల్ల గానీ రోజా భంగం కాదు. కావాలని పొగ పీలిస్తే భంగమవుతుంది.

రోజాలో ఉన్నవారు ఇతరులకు వడ్డించవచ్చు. ప్రవక్త (స) తమ ఇంటికి వచ్చినప్పుడు సహచరురాలు ఉమ్మె ఉమారా (రజి) భోజనం పెట్టి, తాను రోజాలో ఉన్నానని చెప్పారు. ఉపవాసి ఎదుట ఇతరులు తింటుంటే, వారు తినడం ముగించేదాకా దైవదూతలు ఆ ఉపవాసి కోసం ప్రార్థిస్తారని ఆయన తెలిపారు. జ్వరంతో ఉన్న మా తమ్ముడికి మండుటెండ వేళ అమ్మ పెరుగన్నం మెత్తగా కలిపి పెడుతుంటే, వాడు ఒక్కొక్క ముద్దనూ చాలాసేపు నములుతూ, ఎంతకీ ముగించేవాడు కాదు.