అమలాపురానికి రైలొచ్చిన ఆదివారం

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

పొద్దున కాఫీ తాగి చేసిన మొదటి పని కంప్యూటర్ క్యాబినెట్ విప్పడం. నెల రోజులుగా ఫ్యాన్ గోల పెడుతోంది. ఇంటి వెనకే నాన్నగారి పీచు మిల్లు. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసేటప్పుడు లేచే పొట్టు మెత్తగా ఉంటుంది, కిటికీలు మూసినా ఎక్కడి నుంచో దూరుతుంది. దానికి మా కోనసీమ ఉక్క తోడైతే ఇక దుమ్ములా రాలదు, నాచులా పట్టేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు హీట్‌సింకు రేకుల మధ్య నుంచి ఇవాళ అట్టలాంటి పొర ఊడి వచ్చింది. ఫ్యాన్ రెక్కని వేలితో నొక్కి పట్టుకుని బ్లోయర్ కొట్టాలి. వదిలేసి కొడితే గాలికి గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ర్యామ్ ముక్కల కాళ్ల మీద పెన్సిల్ రబ్బరు రుద్ది మళ్లీ బిగించాను. ఆట ఆడేటప్పుడు 84 డిగ్రీలు చూపించే కార్డు 71కి దిగింది. కొత్త కార్డు కొన్నా ఇంత సంతోషం ఉండదేమో. పీసీ అంటే నాకు అందుకే ఇష్టం. మూత విప్పొచ్చు, తుడుచుకోవచ్చు, పోయిన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

స్క్రూలు బిగిస్తుండగా అంబాజీపేట నుంచి పెద్దమ్మ వచ్చింది. వెనక అక్క కొడుకు, ఏడో తరగతి. పెద్దమ్మ చేతిలో బట్టల షాపు కవరు.

"ఒరేయ్, ఇవి పనిచేస్తాయేమో చూడరా. వచ్చే నెల మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి ఎల్ఈడీ స్క్రీన్ పెడుతున్నారు. వాళ్లమ్మ పెళ్లి వేస్తే బాగుంటుందని."

కవర్లో మూడు వీసీడీలు, అంటే వీడియో సీడీలు. 2002 నాటి పెళ్లి. ప్రతి డిస్కు మీదా అక్కా బావగారి ఫొటో స్టిక్కరు. రెండో డిస్కు స్టిక్కరు చెమ్మకి బుడిపెలు కట్టి, ఒక మూల లేచింది. మాట్లాడుతూనే పెద్దమ్మ ఆ మూలని గోటితో గిల్లుతోంది.

"పెద్దమ్మా, పీకకు!" అని అరిచేశాను. పాపం, ఉలిక్కిపడి డిస్కు ఒళ్లో పెట్టేసుకుంది.

అందరూ మెరిసే వైపే గీతలు పడకుండా చూసుకుంటారు. ఆ వైపున్నది 1.2 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్. గీత పడినా కొంత అరగదీసి బాగుచేసుకోవచ్చు. అసలు సమాచారం ఉండే పొర, దాని మీద వెలుగుని తిప్పికొట్టే లోహపు పూత, రెండూ బొమ్మ అంటించిన వైపే ఉంటాయి. వాటికి కాపలా పలచటి వార్నిష్ లాంటి పూత ఒక్కటే. స్టిక్కరు పీకితే దాంతో పాటు పెళ్లి కూడా ఊడి వస్తుంది. డీవీడీలో ఇలా ఉండదు, రెండు పలకల మధ్యలో పొరని పెట్టి అతికిస్తారు. సీడీ మీద స్టిక్కరు అంటించకూడదన్న సంగతి అప్పట్లో ఏ వీడియో షాపు వాళ్లూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

మొదటిదీ మూడోదీ చక్కగా కాపీ అయిపోయాయి. రెండోది సగం దాటాక ఆగింది. డ్రైవ్ టకటకమని కొట్టుకుంటోంది. అటక మీద దాచిన పాత డీవీడీ రైటర్ దింపాను. కొత్తవాటి కంటే అది ఓపిగ్గా చదువుతుంది. డిస్కుని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచి, స్పీడు బాగా తగ్గించి, సెక్టారు తర్వాత సెక్టారు చదివించాను. సెక్టారంటే డిస్కు మీద సమాచారం ఉండే చిన్న ముక్క.

వీసీడీ 1993 నాటి పద్ధతి. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్లు సమాచారం, దానికి తోడు తప్పులు దిద్దుకునే అదనపు కోడు ఉంటాయి. వీసీడీ వీడియోలో ఆ అదనపు కోడు తీసేసి 2324 బైట్లు నింపుతారు. బొమ్మలో ఒక చుక్క తప్పుపడితే కొంపేం మునగదు, ఇంకో పది నిమిషాల సినిమా పడితే మంచిదే కదా అని. అందుకే గీత పడ్డ చోట వీసీడీ తెర మీద గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. మామూలుగా ఫైలు కాపీ చేయబోతే మాత్రం ఆ మొదటి గీత దగ్గరే కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. చదవలేని సెక్టార్లని దాటుకుంటూ పోయే ప్రోగ్రామ్ అయితే మిగతాదంతా దక్కుతుంది. రెండు గంటలు పట్టింది. మొత్తం మీద పోయినవి మూడొందల పైచిలుకు సెక్టార్లు. సెకనుకి 75 లెక్కన నాలుగు సెకన్లు. పెద్దనాన్న అల్లుడి కాళ్లు కడిగే చోట బొమ్మ ఒక్కసారి చెదిరి, మళ్లీ కుదురుకుంటుంది.

పెద్దనాన్న పోయి తొమ్మిదేళ్లు. పెద్దమ్మ కుర్చీ ముందుకు లాక్కుని చూసింది. ఏమీ మాట్లాడలేదు.

ఇంతలో మావాడు స్క్రీన్ ఫొటో తీసి ఫోన్లో ఏదో ఏఐ యాప్‌లో వేశాడు. "మావయ్యా, చూడు, ఒక్క నిమిషంలో హెచ్‌డీ!" నిజంగానే గాజులా తళతళలాడుతోంది. పెద్దమ్మకి చూపించాడు. ఆవిడ ఫోన్ దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఈయనెవర్రా?" అంది.

పెద్దనాన్నకి చిన్నప్పుడు స్ఫోటకం పోసింది. బుగ్గల నిండా మచ్చలు. వీసీడీలో అవి మసక నీడల్లా అయినా ఉన్నాయి. యాప్ వాటిని మరకలనుకుని తుడిచేసింది. కనుబొమలు దిద్దింది. ఎవరో సీరియల్లో నాన్న పాత్రలా తయారు చేసింది. దాన్ని తప్పుపట్టి లాభం లేదు. వీసీడీ బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, అంటే లక్ష చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి ఇరవై లక్షలు కావాలి. ఇరవైలో పంతొమ్మిది చుక్కలు అది ఊహించి పెట్టాల్సిందే. సినిమా పోస్టరుకైతే ఊహించుకోనీ. మన ఇంటి మనిషి మొహంలో నాకు ఊహ వద్దు. మావాడికి అదే చెప్పాను. వాడు వెంటనే డిలీట్ చేసి, "సారీ అమ్మమ్మా" అన్నాడు. మంచి పిల్లాడు.

పైగా ఆ ఎల్ఈడీ స్క్రీన్‌కి హెచ్‌డీ అక్కర్లేదు. ఫంక్షన్లలో పెట్టే పలకల్లో దీపానికీ దీపానికీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు ఉందనుకున్నా, పదడుగుల వెడల్పులో ఉండేవి 760 చుక్కలే. మన వీసీడీ అక్కడ బాగానే నిలబడుతుంది. స్క్రీన్ అంతా నిండాలని అడ్డంగా సాగదీయకుండా ఉంటే చాలు. చాలామంది ఆ పని చేసి పెళ్లికూతుర్ని బొద్దుగా చేసేస్తారు. రెండు పక్కలా నలుపు ఉంటే ఉండనీ.

ఎంపీ4 చేసేటప్పుడు హెచ్264 పెట్టాను. వీడియోని కుదించడానికి 2003లో వచ్చిన పద్ధతి, ఇప్పుడు టీవీ వెనక పెన్‌డ్రైవ్ పెట్టినా, స్క్రీన్ కుర్రాడి పాత ల్యాప్‌టాప్‌లో పెట్టినా ఆడేస్తుంది. దాని తర్వాత 2013లో వచ్చిన హెచ్ఈవీసీ సగం జాగాలో అదే బొమ్మ ఇస్తుందంటారు. నిజమే, కానీ పేటెంట్లు రకరకాల వాళ్ల చేతుల్లో ఉండి, కొన్ని టీవీల్లో శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. అక్క ఫోన్లో తీసిన పుట్టినరోజు వీడియోలతో అదే తంటా. నా ఇంట్లో దాచుకునేదానికి ఏదైనా వాడతాను. ఇంకొకళ్ల చేతిలో పెట్టేది మాత్రం అందరి దగ్గరా తెరుచుకునేది అయి ఉండాలి. పాటల సీడీలన్నీ మాత్రం ఏమీ పోకుండా కుదించే ఎఫ్ఎల్ఏసీలో దాచుకున్నాను. నా ఇయర్‌ఫోన్లకి మంచి నాణ్యత ఉన్న 320 కేబీపీఎస్ ఎంపీ3కీ దానికీ తేడా తెలియదు. కానీ దాన్నుంచి ఎప్పుడైనా ఎంపీ3 చేసుకోవచ్చు, ఎంపీ3లో పోయింది వెనక్కి రాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వాన. కరెంటు పోయింది. ఇన్వర్టరు యూపీఎస్ మోడ్‌లో ఉంది కాబట్టి కంప్యూటర్ ఆగలేదు. కాసేపటికి ధన్‌మని శబ్దం. వీధిలో కొబ్బరి మట్ట విరిగి ఫైబర్ కేబుల్ మీద పడింది. రౌటర్లో ఎర్ర లైటు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఆయ్, వాన తగ్గాక వత్తానండీ" అన్నాడు. ఈ వానలో స్తంభం ఎక్కమని ఎవరు చెబుతారు.

మావాడు పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నది ఆట కోసం. మొన్న సేల్‌లో కొన్న ఆట పెట్టాను. 90 జీబీ, రెండు రాత్రులు డౌన్‌లోడ్ చేసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నది. ఒక్కడే ఆడుకునే కథ, ఇంకొకళ్లతో పనే లేదు. క్లిక్ చేస్తే లాగిన్ అవ్వమంది. నెట్ లేదంటే, అయితే తర్వాత ప్రయత్నించండి అంది.

"మావయ్యా, ఇది నువ్వు కొన్నావు కదా?"

"కొన్నాను."

"కంప్యూటర్లోనే ఉంది కదా?"

"ఉంది."

"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర జవాబు ఉంది కానీ ఏడో తరగతి వాడికి చెప్పడానికి నోరు రాలేదు. మనం కొన్నది ఆట కాదు నాన్నా, ఆడుకోవడానికి అనుమతి. 2024 అక్టోబరు నుంచి స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ షాపులో డబ్బులు కట్టే చోటే ఆ మాట రాసి పెడుతున్నారు, కాలిఫోర్నియాలో చేసిన చట్టం వల్ల. చెప్పడం మంచిదే. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లని యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే వాళ్లకి కూడా అది ఆ రోజుతో సరి. దాని మీదే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం లేచింది. యూరప్‌లో వాళ్ల పిటిషన్ 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటింది. అమ్మడం ఆపేస్తే ఆపెయ్యండి, కొన్నవాళ్ల దగ్గర ఆడేలా వదిలి వెళ్లండి అన్నదే వాళ్లు అడిగేది. నేను యూరప్ వాణ్ణి కాదు కాబట్టి సంతకం కుదరలేదు. కుదిరితే మొదటి రోజే పెట్టేవాణ్ణి.

డౌన్‌లోడ్ అంటే నాకు కోపం లేదు. 2015లో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టాకే నాలాంటివాళ్లు రోడ్డు పక్క కాపీ సీడీలు మానేసి కొనుక్కోవడం మొదలుపెట్టాం. డిస్కులు దేవుళ్లని కూడా అనను. కాకినాడలో నాన్నగారిని బతిమాలి కొనిపించుకున్న రేసింగ్ ఆట సీడీ ఇప్పటికీ గీత లేకుండా ఉంది. డ్రైవ్ గడగడా చదివేస్తుంది. కానీ కాపీ కొట్టకుండా అందులో పెట్టిన తాళాన్ని ఇప్పటి కంప్యూటర్లు తెరవవు. పెద్దమ్మ తెచ్చిన, స్టిక్కరు మూల లేచిన వీసీడీ నాలుగు సెకన్లు తప్ప మొత్తం ఇచ్చేసింది. గీత లేని నా సీడీ ఒక్క సెకను కూడా ఇవ్వలేదు. తాళం లేని ఇన్‌స్టాలర్ ఫైలు చేతికిచ్చే గాగ్ లాంటి ఆన్‌లైన్ షాపులో పది రూపాయలు ఎక్కువైనా నేను కొనేది అందుకే.

మావాడి మొహం చూడలేక ఓపెన్‌టీటీడీ పెట్టిచ్చాను. 1995 నాటి ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ని ఆధారం చేసుకుని అభిమానులు 2004 నుంచి రాసుకుంటూ వస్తున్న ఆట. ఉచితం, కోడు అందరి ముందూ ఉంటుంది, వంద ఎంబీ లోపే. అన్ని హంగులున్న ఆట అడిగినవాడు ఈ బుల్లి ఇళ్లూ చెట్లూ చూసి పెదవి విరుస్తాడనుకున్నాను. పది నిమిషాలు విరిచాడు. తర్వాత నన్ను కుర్చీలోంచి లేపేశాడు.

నదులు ఎక్కువ పెట్టి మ్యాప్ తయారు చేసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఊళ్ల పేర్లు మార్చుకుంటూ పోయాడు. కోటిపల్లి, అమలాపురం, రాజోలు, నరసాపురం. "మావయ్యా, గౌతమి మీద వంతెన ఎంతవుద్ది?" ఉన్న డబ్బంతా దానికే అయింది. అప్పు తీసుకున్నాడు. గోదావరి ఇంకో పాయ వైనతేయ దాటేసరికి ఒకే పట్టా మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. సిగ్నల్ ఎక్కడ పెట్టాలో, పక్కకి తప్పుకునే లూప్ లైను ఎలా వేయాలో చూపించాను. మళ్లీ తప్పు పెట్టాడు, తీశాడు, పెట్టాడు. వాన అలా పడుతూనే ఉంది.

ఆరు కావస్తుండగా పొగ వదులుతూ ఆవిరింజను అమలాపురం స్టేషన్లోకి వచ్చింది. వాడు కుర్చీ మీద నించుని కేకేశాడు. "అమ్మమ్మా! అమలాపురం రైలొచ్చింది!"

వంటింట్లోంచి పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కోటిపల్లి నుంచి నరసాపురం రైల్వే లైను అంటూ పాతికేళ్ల బట్టీ వింటున్న మనిషి. వంతెనల స్తంభాలు లేచాయి, రైలు మాత్రం ఇంకా రాలేదు. కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగింది.

"ఏదిరా? ఇదా? మీ తాతయ్య ఉంటే ముందు టిక్కెట్టు కొనేవారు."

రాత్రి వాళ్లు బయల్దేరే ముందు పెన్‌డ్రైవ్ తయారు చేశాను. పెళ్లి మూడు భాగాలు ఎంపీ4లో, వాటి పక్కనే వీసీడీ నుంచి తీసిన అసలు ఫైళ్లు, ఏమీ మార్చకుండా. నా హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, నాన్నగారి ఆఫీసు కంప్యూటర్లో ఇంకోటి. డిస్కులకి కాగితం కవర్లు వేసి, కవరు మీదే పెన్నుతో రాశాను.

"మావయ్యా, నా రైలు కూడా ఎక్కించు" అన్నాడు వాడు చెప్పులు వేసుకుంటూ.

సేవ్ ఫైలు చూస్తే ఒక ఎంబీ కూడా లేదు. ఆట ఇన్‌స్టాలర్‌తో పాటు పెళ్లి ఫోల్డర్లోనే పడేశాను. కేబుల్ ఇంకా అతకలేదు.