రేసు గుర్రంతో డ్రెసాజ్ పోటీ దాకా: నా అనుభవం

బెంగళూరులో డ్రెసాజ్ పోటీ ముగించుకుని నిన్న అర్ధరాత్రి హైదరాబాద్ వచ్చాం. నా గుర్రం సుల్తాన్‌ని లారీలోంచి దింపి, కాళ్ళు కడిగి, దాణా పెట్టి ఇంటికి చేరేసరికి రెండయింది. నిద్ర పట్టట్లేదు కాబట్టి అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నా. 59.4 శాతం వచ్చింది. స్కూల్ మార్కుల లెక్కలో చూస్తే తక్కువే అనిపిస్తుంది, కానీ డ్రెసాజ్‌లో లెక్క వేరు. పారిస్ ఒలింపిక్స్‌లో మన అనూష్ అగర్వాలాకి వచ్చింది 66.444. ఆయనది గ్రాండ్ ప్రీ, అంటే అన్నిటికంటే పై స్థాయి, నాది కింది మెట్టు, రెండిటికీ పోలికే లేదు, ఈ ఆటలో అరవై అంటే ఏంటో తెలియాలని చెప్తున్నా అంతే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. 20 మీటర్ల వెడల్పు, 40 లేదా 60 మీటర్ల పొడవున్న ఇసుక అరీనా, చుట్టూ అక్షరాలు పెట్టి ఉంటాయి, ఏ అక్షరం దగ్గర నడవాలో, ఎక్కడ ట్రాట్ అనే చిన్న పరుగు, ఎక్కడ కాంటర్ అనే ఇంకాస్త పెద్ద పరుగు, ఎక్కడ ఆగాలో టెస్ట్‌లో, అంటే చెయ్యాల్సిన కదలికల వరుసలో, ముందే రాసి ఉంటుంది. ఒక్కో కదలికకి జడ్జి సున్నా నుంచి పది దాకా వేస్తారు. చూసేవాళ్ళకి రౌతు ఏమీ చెయ్యట్లేదు, గుర్రమే తనంతట తాను చేస్తోంది అనిపించాలి.

2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో సుదీప్తి, దివ్యకృతి, హృదయ్, అనూష్ టీమ్ గోల్డ్ కొట్టినప్పుడు ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూస్తూ ఏడ్చేశా. గుర్రపు పోటీల్లో మనకి 1982 తర్వాత అదే మొదటి గోల్డ్. నేను చిన్నప్పటి నుంచి మలక్‌పేట రేస్‌కోర్స్ పక్కనుంచే తిరిగినదాన్ని, గుర్రాలంటే ప్రాణం, సరదాగా రైడింగ్ నేర్చుకుని అప్పటికి ఆరేళ్ళు. డ్రెసాజ్ లాంటి పోటీలకి పెంచే విదేశీ వార్మ్‌బ్లడ్ జాతి గుర్రం కొనే స్తోమత లేదు. రేసులు అయిపోయిన ఆరేళ్ళ థరోబ్రెడ్ (రేసుల జాతి గుర్రం) ఒకటి చవగ్గా దొరికితే తీసేసుకున్నా. చవక అన్నది గుర్రం ధర మాత్రమే. గుర్రాన్ని చూసుకునే సయీసు జీతం, లూసర్న్ గడ్డి, ఓట్స్, ఆరు వారాలకోసారి నాల్‌బందు వచ్చి లాడాలు మార్చడం, వెట్ ఫీజు, ఇవేవీ చవక కాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మా అమ్మమ్మ ఊరికే అనలేదు. మొదటి నాలుగు నెలలు స్వారీ చెయ్యకుండా తిరగనిచ్చి కండ పట్టించాం. పళ్ళు ఆకురాయితో అరగదీయించాం, వీపుకి సరిపోయే జీను వెతికాం. అవన్నీ సాఫీగానే జరిగాయి.

అసలు కష్టం పగ్గాల దగ్గర వచ్చింది. రేసు గుర్రానికి పగ్గం బిగిస్తే "ఆగు" అని కాదు అర్థం. ఆ బిగువు మీదే బరువు ఆనించి ఇంకా దూసుకెళ్ళడం దానికి నేర్పారు. నేను లాగితే వాడు ఉరుకుతాడు, వాడు ఉరికితే నేను ఇంకా లాగుతా. ఆరు నెలలు ఇదే తంతు. మొండి గుర్రం అని అందరికీ చెప్పుకున్నా, బిట్ (నోట్లో పెట్టే కళ్ళెం కడ్డీ) మార్చా, ఇంకో బిట్ మార్చా, యూట్యూబ్‌లో చూసినవన్నీ చేశా.

అప్పుడు మా క్లబ్‌లో ప్రాక్టీస్ టెస్ట్ పెట్టారు, బయటి నుంచి జడ్జిని పిలిచారు. ఆదివారం పొద్దున, పిల్లల తల్లిదండ్రులందరూ కుర్చీలేసుకుని కూర్చున్నారు. 'A' అక్షరం దగ్గర లోపలికెళ్ళి, అరీనా మధ్యలో ఉండే 'ఎక్స్' దగ్గర ఆగి సెల్యూట్ చెయ్యాలి, వాడు ఆగలేదు, పక్కకి జరుగుతూనే ఉన్నాడు, ఒంటి చేత్తో సెల్యూట్ చేసి ముందుకెళ్ళిపోయా. ట్రాట్ ఎలాగో అయింది. 'సీ' అక్షరం దగ్గర కాంటర్ సర్కిల్ మొదలుపెట్టగానే బయట ఎవరో బండి స్టార్ట్ చేశారు, సుల్తాన్ తల పైకెత్తేశాడు, నేను రెండు చేతులతో నా బలమంతా పెట్టి లాగా, అంతే, వాడు బిట్ పళ్ళకిందకి పట్టేసుకుని అరీనా అంచున ఉన్న తెల్ల చెక్కల మీంచి దూకి బయటికెళ్ళిపోయాడు. నాలుగు కాళ్ళూ బయటపడితే ఎలిమినేషన్. బెల్ కొట్టేశారు. విదేశం నుంచి గుర్రం తెప్పించుకున్న ఒకావిడ నాకు వినపడేలాగే "రేసు గుర్రాల్ని రేసులకే వదిలెయ్యాలి" అంది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

నేను దిగి ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంటే మా కోచ్ వచ్చారు. ఆర్మీలో గుర్రాలతోనే సర్వీసంతా చేసి రిటైరైన రిసాల్దార్ (అశ్వదళంలో ఒక హోదా) సాబ్. నాతో ఒక్క మాటా అనలేదు. సుల్తాన్ మొహం నిమిరి, పెదవి మూల మెల్లగా తెరిచి నన్ను రమ్మని చూపించారు. చీరుకుపోయి ఉంది. రక్తం. "యే ఆప్ కా హాథ్ హై బేటా" అన్నారు, ఇది నీ చేతుల పనేనమ్మా అని. అరీనా బయటికెళ్ళినందుకు, ఆవిడ అన్నందుకు పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆరు నెలలు మొండి గుర్రం అని ఊరంతా చెప్పింది నేను, నొప్పి పడింది వాడు.

మర్నాటి నుంచి ఏడు వారాలు నాకు పగ్గాలు ఇవ్వలేదు. సుల్తాన్‌కి పుండు మానేదాకా బిట్ లేకుండా చేత్తో నడిపించడమే. నన్ను క్లబ్‌లోని ముసలి ఆడగుర్రం మీద లాంజ్ తాడుకి (గుర్రాన్ని గుండ్రంగా తిప్పే పొడవాటి తాడు) కట్టి, రికాబులు తీసేసి, చేతులు భుజాల మీద పెట్టించి ట్రాట్ చేయించారు, తొమ్మిదేళ్ళ పిల్లల బ్యాచ్‌తో పాటు. వాళ్ళమ్మలు చూస్తుండగా నేను పడ్డా కూడా. తొడలు ఎంత నొప్పి పుట్టేవంటే ఆఫీసులో మెట్లు దిగలేకపోయేదాన్ని. నాలుగో వారంలో ఒకరోజు నేను ఊపిరి వదిలి నడుము బరువు చేస్తే ఆ ముసలి గుర్రం ఆగిపోయింది. చెయ్యి కదపలేదు, మాట అనలేదు. అప్పటిదాకా చేతులతోనే బ్యాలెన్స్ చేసుకుంటున్నానని, అంటే గుర్రం నోరు పట్టుకుని వేలాడుతున్నానని అర్థమైంది.

డ్రెసాజ్‌లో ట్రైనింగ్ మెట్లు ఉంటాయి. మొదట లయ, తర్వాత ఒళ్ళు వదులవడం, మూడోది పగ్గంతో మెత్తటి సంబంధం, ఆ తర్వాత ఉత్సాహం, తిన్నగా నడవడం, చివర్న కలెక్షన్, అంటే గుర్రం బరువు వెనక కాళ్ళ మీదకి తెచ్చుకుని ఒళ్ళు కూడదీసుకోవడం. నేను నేరుగా మూడో మెట్టు మీద కూర్చుని కింది రెండూ లేవేంటని గుర్రాన్ని తిట్టా. సుల్తాన్ మీదకి మళ్ళీ ఎక్కాక పదకొండు రోజులు ఒట్టి నడకే. నడు, ఆగు, నడు, ఆగు. లోపలి కాలితో నెట్టి బయటి పగ్గంలోకి పంపడం. ఒకరోజు తెల్లారి ఆరింటికి వాడు తనంతట మెడ కిందకి చాపి బిట్ నములుతూ ఫుర్రుమని ముక్కు చీదాడు, పెదాల మీద తెల్లటి నురగ వచ్చింది. రిసాల్దార్ సాబ్ దూరం నుంచి చెయ్యెత్తారు. ఆయన మెచ్చుకోవడం అంటే అంతే.

ఇక కాగితాల సంగతి. పోటీకి గ్లాండర్స్, ఈఐఏ అనే రెండు గుర్రపు అంటువ్యాధులకీ నెగటివ్ రిపోర్ట్ కావాలన్నారు. గ్లాండర్స్ మనుషులకి కూడా అంటుకునే జబ్బు, వచ్చిన గుర్రాన్ని చంపెయ్యాల్సిందే, కాబట్టి టెస్ట్ అడగడం వందసార్లు సబబే. కానీ రక్తం తీసి పంపాల్సిన ఆఫీసులో ఒకాయన ఫారంలో 15 అంకెల మైక్రోచిప్ నంబర్లో ఒక అంకె తప్పు రాశాడు. రిపోర్ట్ వచ్చాక చూస్తే అది నా గుర్రానిది కాదు. దిద్దమంటే పెద్దాయన సెలవు, సెలవయ్యాక మీటింగు, మూడుసార్లు ఆఫీసుకి లీవ్ పెట్టి తిరిగా, ఆఖరికి మళ్ళీ రక్తం తీయించి పంపాం, లారీ ఎక్కే రెండు రోజుల ముందు చేతికొచ్చింది. మీరు మాత్రం శాంపిల్ తీసేటప్పుడే స్కానర్‌తో చిప్ చదివించి ఫారం మీద అంకెలు మీరే సరిచూసుకోండి, ఆ తర్వాతే సీల్ వెయ్యనివ్వండి.

ప్రయాణంలో తల పైకి బిగించి కట్టొద్దు. గుర్రం తల దించి దగ్గుకోకపోతే దుమ్ము ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయి జబ్బు చేస్తుంది. మేం నాలుగు గంటలకోసారి ఆపి తల దించనిచ్చాం. కొత్త ఊరి నీళ్ళు కొన్ని గుర్రాలు ముట్టవు, అందుకే మొదటి రోజుకి సరిపడా హైదరాబాద్ నీళ్ళు డ్రమ్ముల్లో తీసుకెళ్ళాం, తర్వాత కొద్దిగా బెల్లం కలిపి అలవాటు చేశాం. ఒకచోట మా సయీసు భాయ్ ప్రేమగా బన్ టీలో ముంచి వాడికి పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపా. కెఫీన్ పోటీలో నిషేధం, శాంపిల్ తీస్తే దొరికిపోతాం. ఆయనకి తెలియదు పాపం, నేనే ముందు చెప్పాల్సింది.

పోటీ రోజు పొద్దున్నే జూలు జడలల్లాం, నలభై నిమిషాలు వార్మప్, ఎక్కువ భాగం నడకే. ఎక్స్ దగ్గర ఊపిరి వదిలా, ఆగాడు. నాలుగు కాళ్ళ మీద సమంగా. దానికి ఏడు వచ్చింది. కుడివైపు కాంటర్‌లో తప్పు కాలు ముందుపెట్టి మొదలెట్టాడు, దానికి నాలుగు. ఫ్రీ వాక్‌లో (పగ్గాలు వదులు చేసి నడిపించడం) మెడ నేలదాకా చాపాడు. ఆరున్నర.

బయటికి రాగానే స్టీవార్డ్ (నియమాలు చూసే అధికారి) ఆపారు. టెస్ట్ అయ్యాక బిట్, నోరు చూస్తారు, రక్తం కనపడితే పోటీ నుంచి తీసేస్తారు. ఆవిడ తెల్ల గ్లవ్ వేసుకుని సుల్తాన్ పెదవి మూలల్లో అటూ ఇటూ వేలు పెట్టి తుడిచింది. నేను జీను మీదే ఉండి చూస్తున్నా. మా సయీసు భాయ్ కూడా ఊపిరి బిగబట్టాడు. ఆవిడ చెయ్యి తీసి వేళ్ళు మావైపు తిప్పి చూపించింది. నురగ తప్ప ఇంకేం లేదు.