సముద్రంలో బీకన్ మోగితే కబురు పీణ్యాకి ఎందుకొస్తుంది?

బెంగళూరులో పీణ్యా అంటే మనవాళ్లకి గుర్తొచ్చేవి ఫ్యాక్టరీ షెడ్లు, మెట్రో స్టేషను, తుమకూరు రోడ్డు ట్రాఫిక్కు. అదే పీణ్యాలో ఉపగ్రహాల్ని కనిపెట్టుకుని ఉండే ఇస్రో కేంద్రం ఇస్ట్రాక్ ఉంది. ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్ అందులోనే పనిచేస్తుంది. శ్రీలంక తూర్పున ఓడకి నిప్పంటుకున్నా, మాల్దీవుల దగ్గర దోణి తిరగబడినా (వాళ్లు పడవని అలాగే పిలుస్తారు, మన దోనెకి చుట్టంలా వినిపిస్తుంది), నేపాల్ కొండల్లో హెలికాప్టర్ కూలినా, అక్కడ మోగిన బీకన్ (ఆపదలో ఉపగ్రహానికి రేడియో సంకేతం పంపే చిన్న పరికరం) కబురు అందుకుని పంచే బాధ్యత ఈ కేంద్రానిది. మన దేశంతో పాటు బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, నేపాల్, సీషెల్స్, శ్రీలంక, టాంజానియా దీని సేవా పరిధిలోకి వస్తాయి.

పొరుగు దేశాల మధ్య రక్షణ సహకారం అనగానే టీవీలో చూపించేవి యుద్ధనౌకల విన్యాసాలు, మంత్రుల కరచాలనాలు. ఆ సహకారం నిజంగా ఉందో లేదో తేలేది మాత్రం అర్ధరాత్రి బీకన్ మోగినప్పుడు, కబురు ఎవరి బల్ల మీదికి వెళ్లాలి, ఎవరు కదలాలి అన్న దగ్గరే.

బీకన్ల సంకేతాన్ని ఉపగ్రహాలతో పట్టి దేశాలకి పంచే ఈ ఏర్పాటు పేరు కోస్పాస్-సర్సాట్. 1979లో సోవియట్ యూనియన్, అమెరికా, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టాయి. ఒకరి మీద ఒకరు క్షిపణులు గురిపెట్టుకున్న రోజులవి. అయినా 1982 సెప్టెంబరులో సోవియట్ ఉపగ్రహం పట్టిన సంకేతంతోనే కెనడాలో కూలిన విమానంలోని ముగ్గురు బతికారు. స్నేహం కుదిరాకే సహకారం అని కూర్చునేవాళ్లకి చూపించాల్సిన ఉదాహరణ ఇది.

ఓడ మీద ఉండే బీకన్ 406 మెగాహెర్ట్జ్ మీద, 5 వాట్ల శక్తితో, సుమారు 50 సెకన్లకోసారి అర సెకను పాటు సంకేతం పంపుతుంది. ఆ అర సెకనులోనే బీకన్ గుర్తింపు సంఖ్య, అది ఏ దేశానిదో చెప్పే మూడంకెల కోడ్ ఇమిడి ఉంటాయి. భారత్‌కి 419, శ్రీలంకకి 417, బంగ్లాదేశ్‌కి 405, మాల్దీవులకి 455. జీపీఎస్ ఉన్న బీకన్ అయితే తన చోటు కూడా తానే చెప్పేస్తుంది. లేనప్పుడు, తక్కువ ఎత్తులో తిరిగే పాత తరం ఉపగ్రహం దగ్గరై దూరమయ్యేకొద్దీ సంకేతం ఫ్రీక్వెన్సీ మారే తీరుని బట్టి, అంటే డాప్లర్ లెక్కతో, చోటు కనిపెడతారు. ఒక్కసారి దాటిన ఉపగ్రహం లెక్కలో రెండు చోట్లు తేలుతాయి. ఒకటి అసలుది, ఇంకోటి ఉపగ్రహం దారికి అవతలి పక్కన అద్దంలో బొమ్మ లాంటిది. ఆ రెండు చోట్లూ వేర్వేరు దేశాల వెతుకులాట పరిధిలో పడొచ్చు. అప్పుడు ఇద్దరికీ కబురు వెళ్లాలి, ఏది అసలుదో తేలేదాకా ఇద్దరూ దాన్ని తమ కేసుగానే చూడాలి. పొరుగువాడిదేలే అనుకుని ఎవరు చేతులు కట్టుకున్నా నీళ్లలో ఉన్నవాడికి దిక్కుండదు. మధ్య ఎత్తు కక్ష్యల్లోని ఉపగ్రహాలు వచ్చాక ఈ చిక్కు బాగా తగ్గింది.

చోటు అసలే తెలియకపోతే కబురు ఆ మూడంకెల కోడ్ ఉన్న దేశానికి వెళ్తుంది. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఓడని వేరే దేశం వాళ్లు కొన్నాక బీకన్‌లో పాత దేశం కోడ్ అలాగే ఉంచేస్తారు. దాంతో ఓడ ఒక జెండాతో తిరుగుతుంటే కబురు ఇంకో దేశానికి పోతుంది. రిజిస్టర్‌లో పాత యజమాని ఫోన్ నంబరే ఉంటుంది. ఇక బీకన్లనుంచి వచ్చే అలారాల్లో చాలా ఎక్కువ శాతం ఉత్తవే. ఓడని కడుగుతూ బీకన్‌ని పొరపాటున కదిలించడం, టెస్ట్ బటన్‌ని అవసరానికి మించి నొక్కి పట్టడం, ఓడని విరగ్గొట్టేటప్పుడు బ్యాటరీ తీయకుండా బీకన్‌ని తుక్కులో పడేయడం, ఇవీ కారణాలు. రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉంటే ఒక్క ఫోన్‌కాల్‌తో ఉత్త అలారం తేలిపోతుంది. లేకపోతే వెతకడానికి కోస్ట్ గార్డ్ డోర్నియర్ విమానం ఎగరాల్సిందే. పొరపాటున మోగితే వెంటనే ఆపి, రెస్క్యూ సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పాలి. భయపడి ఊరుకోవడం అన్నిటికంటే చెడ్డ పని. కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

ఇంకో చిన్న భాగం గురించి కూడా చెప్పాలి. ఓడ మునిగినప్పుడు బీకన్‌ని దానంతటదే విడిపించే హైడ్రోస్టాటిక్ రిలీజ్ ఒకటి ఉంటుంది. నీళ్లలో ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతులో తెగాలి. సాధారణంగా దాన్ని రెండేళ్లకోసారి మార్చాలి. మార్చకపోయినా, బీకన్ పైకి తేలే దారిలో పైకప్పు అడ్డొచ్చేలా బిగించినా, అది ఓడతో పాటే అడుక్కి పోతుంది.

కబురు అందాక ఎవరు వెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. 1979 నాటి అంతర్జాతీయ సెర్చ్ అండ్ రెస్క్యూ (వెతికి కాపాడే) ఒప్పందం సముద్రాన్ని వెతుకులాట పరిధులుగా పంచుతుంది. మన వాటా సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. ముంబై, చెన్నై, పోర్ట్ బ్లెయిర్ కేంద్రాలు దాన్ని చూసుకుంటాయి. ఈ పరిధి సరిహద్దు కాదు, దీనికీ దేశాల హద్దులకీ సంబంధం లేదని ఒప్పందమే స్పష్టంగా చెబుతోంది. హద్దు గొడవ తెగని చోట కూడా ప్రాణం కాపాడే పని ఆగకూడదనే ఆ మాట రాశారు. మన కోస్ట్ గార్డ్ మాల్దీవులతో 1991 నుంచి చేస్తున్న ‘దోస్తీ’ విన్యాసాల్లో శ్రీలంక 2012లో చేరింది. రేడియోలో ఎవరు ఏం మాట్లాడాలి, ఎవరి విమానం ముందు వెళ్లాలి అన్నవి అలాంటి చోట అలవాటు కావాలి. నిజంగా ఓడ మునిగే వేళకి నేర్చుకుంటే ఆలస్యమే.

శ్రీలంక రెస్క్యూ సెంటర్‌కి కూడా బెంగళూరుతో సంబంధం ఉంది. ఇక్కడి భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు 60 లక్షల డాలర్ల భారత గ్రాంటుతో దాన్ని కట్టారు. 2022లో ఒప్పందం కుదిరింది, 2024 జూన్‌లో కేంద్రం ప్రారంభమైంది. కొలంబో నేవీ హెడ్‌క్వార్టర్స్‌లో కేంద్రం, హంబన్‌తోటలో ఉపకేంద్రం, గాలే, ట్రింకోమలీ, పాయింట్ పెడ్రో లాంటి చోట్ల మనుషులు లేని పరికరాలు ఉన్నాయి.

పరికరం ఇవ్వడం సులువు, దాన్ని నడిపే మనిషిని తయారుచేయడమే కష్టమని మాల్దీవుల్లో తేలింది. బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారుచేసిన ధ్రువ్ హెలికాప్టర్లు అక్కడి దీవుల నుంచి రోగుల్ని ఆసుపత్రికి చేర్చేవి. 2024 మే నాటికి మన సైనిక సిబ్బంది వెనక్కి రావాలని అక్కడి ప్రభుత్వం కోరింది. వాళ్ల స్థానంలో పౌర సిబ్బంది వెళ్లారు. ఆ నెలలోనే అక్కడి రక్షణ మంత్రి, భారత్ ఇచ్చిన ఆ హెలికాప్టర్లనీ డోర్నియర్ విమానాన్నీ నడపగల పైలట్లు తమ సైన్యంలో లేరని చెప్పారు. పైలట్ల శిక్షణ గడువుల్ని మొదటి ఒప్పందంలోనే రాసుకుని ఉంటే రాజకీయాలు మారినా ఇంత చిక్కు వచ్చేది కాదు.

హిందూ మహాసముద్ర దేశాల భద్రతా వేదిక కొలంబో సెక్యూరిటీ కాంక్లేవ్ విషయంలో నేను గట్టిగా కోరుకునేది కూడా ఇలాంటి రాతకోతలే. 2011లో భారత్, శ్రీలంక, మాల్దీవులతో మొదలై, కొన్నేళ్లు ఆగి, 2020లో మళ్లీ లేచింది. మారిషస్, బంగ్లాదేశ్ తర్వాత చేరాయి. 2024 ఆగస్టులో చార్టర్ మీద, సెక్రటేరియట్ ఏర్పాటు మీద సంతకాలయ్యాయి. మధ్యలో అది ఆగిపోవడానికి ప్రభుత్వాల మధ్య చెడిన మనసులు ఒక కారణమైతే, రోజువారీ పని చూసే ఆఫీసు లేకపోవడం ఇంకో కారణమని నా అభిప్రాయం.

పాకిస్థాన్‌తో మాటలే లేవు కదా అంటారా? 2024 డిసెంబరులో పోర్‌బందర్ నుంచి ఇరాన్‌కి బయల్దేరిన ‘అల్ పిరాన్‌పీర్’ అనే సరుకు పడవ పాకిస్థాన్ వెతుకులాట పరిధిలో మునిగింది. రెండు దేశాల రెస్క్యూ సెంటర్లూ మాట్లాడుకున్నాయి, పాకిస్థాన్ విమానం వెతుకులాటలో పాల్గొంది, మన ‘సార్థక్’ నౌక పన్నెండుమందినీ పైకి తీసింది.

మన తీరంలో చేపల బోట్ల సంగతి కాస్త వేరు. ఆపదలో బటన్ నొక్కితే కబురు పంపే డాట్ అనే పరికరం వాటి మీద ఉంటుంది, అది కోస్పాస్-సర్సాట్‌లో భాగం కాదు. అది మన ఉపగ్రహం ద్వారా పీణ్యాకి, అక్కడి నుంచి మన రెస్క్యూ సెంటర్‌కి కబురు పంపుతుంది. బోటు కొట్టుకుపోయి లంక వైపు చేరితే, కొలంబోకి ఆ సంగతి చెన్నై చెప్పాల్సిందే. పాత డాట్‌లో బటన్ నొక్కినవాడికి కబురు చేరిందో లేదో తెలిసేది కాదు. కొత్త తరం డాట్ చేరినట్టు జవాబిస్తుంది, తుపాను హెచ్చరికలు అందిస్తుంది, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే సొంత భాషలో చదువుకోవచ్చు.

శ్రీకాకుళం, కాకినాడ, నెల్లూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఇంట్లో బోటుంటే ఈ వారం ఫోన్ చేసి అడగండి: డాట్ ఏ తరానిది, బ్యాటరీ గడువు ఎప్పటిదాకా, రిజిస్ట్రేషన్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉంది, ఆ నంబరు ఇప్పటికీ మోగుతోందా.