సాంస్కృతిక శాఖ: ఏది దాని కిందికి రాదో ముందు చూడండి

గ్రూప్స్ రాసేవాళ్లలో చాలామంది కేంద్ర సాంస్కృతిక శాఖను పైపైన చూసి వదిలేస్తారు. మూడు అకాడమీలు, ఏఎస్ఐ (భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ), అంతే. తిరుపతిలో మా స్టడీ హాల్లోనూ అదే వరస. నాకు మాత్రం తలకిందులుగా చదివాకే పట్టు దొరికింది.

పద్మ అవార్డులు హోం శాఖవి. ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) విదేశాంగ శాఖది, ఐసీహెచ్ఆర్ (భారత చరిత్ర పరిశోధన మండలి) విద్యా శాఖది. మన ఊళ్లోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం కూడా విద్యా శాఖ కిందే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ సంస్కృతే కదా అంటారు. హస్తకళల పథకాలు చూసేది జౌళి శాఖ. తిరుమల ఆలయం రాష్ట్ర దేవాదాయ చట్టం ప్రకారం టీటీడీ చేతిలో ఉంది. అలిపిరి దారిలోని ప్రాంతీయ సైన్స్ సెంటర్ మాత్రం సాంస్కృతిక శాఖదే! దాన్ని నడిపే జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి ఆ శాఖ కిందే ఉంది. ఈ మాట చెబితే మా బ్యాచ్‌లో ఒక పట్టాన ఎవరూ నమ్మలేదు.

అకాడమీల సంవత్సరాలు ఎలాగూ బట్టీ పట్టాల్సిందే: సంగీత నాటక 1953, సాహిత్య, లలిత కళా 1954. డబ్బు శాఖది, అవార్డు ఎంపిక అకాడమీది. స్వయంప్రతిపత్తి అంటే ఇదే.

ఏఎస్ఐ కోసం ఒక ఆదివారం చంద్రగిరి కోటకు వెళ్లండి. రాజమహల్లో ఫొటోలు తర్వాత దిగొచ్చు, ముందు రక్షిత కట్టడమని చెప్పే బోర్డు దగ్గర ఆగండి. దాని వెనకున్నది పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం. 2010 సవరణ ప్రకారం కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గుడిమల్లంలో పూజలు జరుగుతున్నా గుడి ఏఎస్ఐ రక్షణలోనే ఉంది.

మెయిన్స్‌కి రాజ్యాంగంలోని 49వ అధికరణ (కట్టడాల రక్షణ రాజ్యం బాధ్యత), 51ఏ(ఎఫ్) (వారసత్వాన్ని కాపాడటం పౌరుల విధి) తప్పనిసరి. జాతీయ ప్రాముఖ్యమున్న కట్టడాలు కేంద్ర జాబితాలో 67వ అంశం, మిగతా పురాతన కట్టడాలు రాష్ట్ర జాబితాలో 12వది. శాఖను పొగుడుతూ పేజీలు నింపితే మార్కులు రాలవు. నిషిద్ధ ప్రాంతంలో ఇల్లున్నవాడు మరమ్మతుకూ అనుమతి తెచ్చుకోవాలి, పైన కొత్తగా గది వేయడం కుదరదు. ఆ ఇబ్బందీ రాయండి.