వాళ్ళ ఊరి గొడవ, మా ఊరి ముచ్చట

ఈసారి ఉగాది స్కిట్ రిహార్సల్‌కి రానని మా అమ్మాయి తెగేసి చెప్పింది. ఆ శనివారం మా జార్జియాలోని ఏథెన్స్‌లో, 40 వాట్ క్లబ్బులో డ్రైవ్-బై ట్రక్కర్స్ అనే బ్యాండు షో ఉందట.

"కంట్రీ మ్యూజిక్కా?" అన్నాను. అట్లాంటా పక్కనే ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఆ మాట వింటే నాకు పికప్ ట్రక్కూ, దాని వెనక బానిసత్వం నిలబెట్టాలని యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా తప్ప ఇంకేమీ తట్టవు. "ఆల్ట్-కంట్రీ, నాన్నా. రాక్ కలిసిన కంట్రీ. ఆ జెండా కట్టుకునేవాళ్ళకి వీళ్ళంటే ఒళ్ళు మంట" అంది.

సరే, విన్నాను. వద్దనడానికి కారణం దొరుకుతుందేమోనని విన్నాను లెండి. ప్యాటర్సన్ హుడ్, మైక్ కూలీ అని ఇద్దరు పక్క రాష్ట్రం అలబామావాళ్ళు 1996లో ఏథెన్స్‌లో పెట్టిన బ్యాండు ఇది. 2001లో 'సదరన్ రాక్ ఒపేరా' అనే డబుల్ ఆల్బమ్‌ని అభిమానుల దగ్గరా స్నేహితుల దగ్గరా అప్పులు చేసి సొంతంగా వేసుకున్నారు. నల్లవాళ్ళతో కలిసి చదవడానికి వీల్లేదని యూనివర్సిటీ గుమ్మానికి అడ్డం నిలబడ్డ వాళ్ళ గవర్నరు జార్జ్ వాలెస్ చచ్చిపోతే, నరకంలో సైతాను ఆయనకి ఆతిథ్యం ఏర్పాటు చేసే పాట ఒకటుంది అందులో. అదే అలబామాలో, మజిల్ షోల్స్ అనే ఊరి రికార్డింగ్ స్టూడియోల్లో, నల్లజాతి గాయకుల వెనక బేస్ గిటారు వాయించిన తెల్లాయన డేవిడ్ హుడ్. ప్యాటర్సన్ తండ్రే. రెండూ ఒక్క గడ్డ మీదే జరిగాయి, రెండూ మావే అంటారు వీళ్ళు. 2016లో పోలీసు కాల్పుల మీద పాటలు కడితే కొందరు పాత అభిమానులు అలిగారు. వీళ్ళేం తగ్గలేదు.

"నాది ఈ ఊరే కదా నాన్నా, నాకివి కావాలి" అంది అమ్మాయి. అంతటితో ఆగినా బాగుండేది. "వీళ్ళు వాళ్ళ ఊరి సంగతి దాచరు. నువ్వు మీ ఊరి గురించి చెప్పేవన్నీ మామిడితోటలూ సంక్రాంతి ముగ్గులేగా!"

పిల్లలకి మన ఊరిని పరిచయం చేయండి అని ఇక్కడి ఫంక్షన్లలో మైకు పట్టుకుని చెప్పే పెద్దమనిషిని నేనే. ఆ ఊళ్ళో టీకొట్టు చూరులో విడిగా దోపి ఉండే గాజు గ్లాసుల సంగతి మాత్రం ఏ మైకులోనూ చెప్పలేదు. అవి వాడవాళ్ళవి. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. అడుగున టీ మరక గట్టిపడి, పసుపుపచ్చగా ఉండేవి.

టికెట్ డబ్బులు ఇచ్చాను. పదకొండుకల్లా ఇంట్లో ఉండమన్నాను, అక్కడికి వెళ్ళాక పన్నెండున్నరకి ఒప్పుకున్నాను. మర్నాడు ఇడ్లీ తింటుంటే గ్లాసుల సంగతి చెప్పాను. చెప్పడం మంచిదేనా? తాతగారి ఊరంటే దానికున్న కాస్త ఇష్టమూ పోతుందేమో. మా ఆవిడైతే పొద్దున్నే ఇప్పుడవన్నీ ఎందుకంది.

"నువ్వేమన్నావు వాళ్ళని?" అని అడిగింది పిల్ల.

చిన్నవాణ్ణి కదా, అన్నాను.

"ఎంత చిన్న?"

అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంకో ఇడ్లీ వేసుకోమన్నాను.