సంపు మోడల్‌తో సిస్టమ్ డైనమిక్స్

సిస్టమ్ డైనమిక్స్ అంటే నిల్వలు, వాటిలోకి వచ్చేవి, పోయేవి కాలంతో ఎలా మారతాయో కంప్యూటర్ మోడల్‌లో చూసే పద్ధతి. దాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటిరోజే బెంగళూరు ట్రాఫిక్ మొత్తాన్ని మోడల్ చేయబోతారు. ఆ బొమ్మలో ఎటు చూసినా బాణాలే, ఒక్క సమీకరణం ఉండదు. మొదలుపెట్టడానికి అపార్ట్‌మెంట్ సంపు (నేల కింది నీళ్ల ట్యాంకు) చాలు. వ్యక్తిగతంగా నేర్చుకోవడానికి ఇలాంటి మోడళ్లు కట్టే వెన్‌సిమ్ పీఎల్ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం.

సంపులో నీరు స్టాక్, అంటే నిల్వ. ఆరంభ విలువ 60,000 లీటర్లు. 40 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు: రోజు వాడకం 21,600. కుళాయికి వచ్చే కావేరి నీళ్లు రోజుకు 15,000 అనుకుందాం. మిగతా 6,600 ట్యాంకర్లవి. కొత్తవాళ్లు ట్యాంకర్ల రోజువారీ ఆర్డర్‌ను (60,000 − సంపు) / 2 రోజులు అని రాస్తారు, అంటే వెలితిని రెండు రోజుల్లో పూడ్చే వేగంతో. రన్ చేస్తే సంపు 46,800 దగ్గర ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. ఈ సూత్రం రోజుకు 6,600 తెప్పించాలంటే 13,200 లీటర్ల వెలితి ఉండితీరాలి. అందుకే రోజువారీ లోటును (వాడకం − కావేరి నీళ్లు) ఆర్డర్‌లో విడిగా కలపాలి.

ఆ 2ను సూత్రంలో అంకెగా పెట్టకండి. 'సర్దుబాటు కాలం' అని వేరే వేరియబుల్ చేసి యూనిట్ 'రోజు' ఇవ్వండి. లేకపోతే యూనిట్లు సరిపోతున్నాయో చూసే యూనిట్ చెక్ గోల పెడుతుంది, అది గోల పెట్టడమే మంచిది. టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకు కాలం ముందుకు జరిగే అడుగు) 0.125 రోజు చాలు. అడుగడుగునా అప్పటి వేగంతోనే ముందుకు లెక్కేసే ఆయిలర్ పద్ధతిలో టైమ్ స్టెప్ సర్దుబాటు కాలాన్ని మించితే, గ్రాఫ్ నిజానికి లేని ఊగిసలాటను చూపిస్తుంది. అనుమానమొస్తే టైమ్ స్టెప్ సగం చేసి మళ్లీ రన్ చేయండి. గీత మారితే పాతది నమ్మకండి.

అసలు పాఠం ఆలస్యంలో ఉంది. ట్యాంకర్ 2 రోజులకు వచ్చేలా డిలే ఫిక్స్‌డ్ (ఇచ్చిన విలువను నిర్ణీత కాలం తర్వాత బయటపెట్టే ఫంక్షన్) పెట్టండి, దాని ఆరంభ విలువ 6,600 (సున్నా ఇస్తే మొదటి రెండు రోజులూ ట్యాంకర్లే రావు). పదో రోజున స్టెప్ ఫంక్షన్‌తో (విలువను ఒక్కసారిగా మార్చేది) కావేరి నీళ్లు రోజుకు 5,000 తగ్గించండి. సంపు పన్నెండో రోజుకు 50,000కు దిగి, పదిహేడో రోజుకు సుమారు 64,600కు ఎక్కి, ఊగుతూ ఊగుతూ సర్దుకుంటుంది. కారణం ఒక్కటే: ఆర్డరిచ్చి ఇంకా రాని ట్యాంకర్లను సూత్రం లెక్కలోకి తీసుకోలేదు. 1950ల చివర ఎంఐటీలో సిస్టమ్ డైనమిక్స్‌కు ఆద్యుడైన జే ఫారెస్టర్ మొదట పట్టుకున్నది కూడా జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీల్లో ఇలాంటి ఊగిసలాటనే.

'దారిలో ఉన్న నీరు' అని రెండో స్టాక్ పెట్టండి: ఆర్డర్ లోపలికి, రాక బయటికి. దారిలో ఉండాల్సింది లోటు × ఆలస్యం. అక్కడ ఎంత తక్కువ పడిందో దాన్ని సంపు వెలితితో కలిపి, సర్దుబాటు కాలం 2తో భాగించి, దానికి ఎప్పట్లాగే లోటు కలపండి; అదే కొత్త ఆర్డర్. ఈసారి సంపు 50,000కు దిగి, 60,000 దాటకుండా పైకొస్తుంది. ఆలస్యం 4 రోజులు చేసి రెండు సూత్రాలనూ పోల్చండి: పాతదానిలో ఊపు చుట్టుచుట్టుకూ పెరుగుతుంది, కొత్తదానిలో సంపు 40,000 దాకా దిగి కోలుకుంటుంది.