మోకాలికి వైద్యం మొదలయ్యాకే మా తమ్ముడు కోలుకున్నాడు

మా తమ్ముడు కబడ్డీ ఆటగాడు. లెఫ్ట్ కార్నర్. రాష్ట్ర జట్టు తరఫున సీనియర్ నేషనల్స్ ఆడాడు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. చిత్తూరు పక్కన మామిడితోటల మధ్య మట్టి కోర్టులో కూత నేర్చుకున్న పిల్లోడు అంత దూరం పోయాడని మా నాయన ఊరంతా చెప్పుకునేవాడు. వాడు నొప్పి మాత్రలకూ తాగుడుకూ అలవాటు పడ్డాక, బయటపడేదాకా వెంట తిరిగింది నేను. వాడితో చెప్పే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.

కార్నర్ ఆటగాడి పని రైడర్ కాలు పట్టడం. మోకాళ్ల మీద పడటం, పట్టు వదలకుండా మెలి తిరగడం రోజూ ఉండేదే. అలా ఒక మ్యాచ్‌లో కుడి మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయ్యాక కనీసం తొమ్మిది నెలలు పోటీల జోలికి పోవద్దన్నారు. ఈలోగా సంక్రాంతి వచ్చింది. పండగకీ జాతరకీ మా వైపు ఊళ్లలో లైట్ల వెలుతురులో రాత్రంతా ప్రైజ్ మనీ టోర్నమెంట్లు జరుగుతాయి. పేరున్న ఆటగాడు దిగితే చాలు, డబ్బులిస్తారు. వాడు దిగాడు. మ్యాచ్‌కి ముందు ట్రమడాల్, మ్యాచ్ అయ్యాక నిద్ర పట్టడానికి మద్యం. ట్రమడాల్ ఓపియాయిడ్ జాతి మందు, అంటే నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మాత్ర. 2018 నుంచి మన దేశంలో మత్తు పదార్థాల నియంత్రణ చట్టం ఎన్‌డీపీఎస్ కిందికి వచ్చింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. వాడికి చీటీ లేకుండానే దొరికేది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ విషయంలోనే.

ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. తాగుబోతు అంటే ఈడ్చుకుపోయిన మొహం, వణికే చేతులు అనుకుంటాం కదా. వీడు తెల్లవారుజామున లేచి దండీలు తీసేవాడు. అంత కండ ఉన్న మనిషికి జబ్బేమిటి అనే అన్నారు అందరూ.

తాగుడు సంగతి బయటపడ్డాక అమ్మ కాణిపాకం తీసుకెళ్లింది. వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసినవాళ్లు మాట తప్పరని మా జిల్లాలో గట్టి నమ్మకం. కోనేట్లో మునిగి, ఇక తాగనని ప్రమాణం చేశాడు. నిజంగానే చాలా రోజులు తాగలేదు. కానీ ప్రమాణంలో మాత్రల ఊసు లేదు. మోకాలు నొప్పి అలాగే ఉంది. మాత్రలు రెట్టింపయ్యాయి, కొన్నాళ్లకు తాగుడూ తిరిగొచ్చింది. దేవుడికిచ్చిన మాట తప్పానన్న భయంతో అప్పటినుంచి మాతో మాట్లాడటమే మానేశాడు.

బంధువులు ఊరి బయట ఒక ప్రైవేటు సెంటర్ గురించి చెప్పారు. వెళ్లి చూశాను. కొన్ని నెలలు లోపల పెట్టి తాళం వేస్తాం, ఫోన్లు, పలకరింపులు ఉండవన్నారు. మీ డాక్టర్ ఎవరని అడిగితే సూటిగా సమాధానం రాలేదు. మోకాలి గురించి చెబితే నవ్వారు. అక్కడినుంచి తిరిగొచ్చేశాను.

తర్వాత 14446కి ఫోన్ చేశాను. మత్తు వ్యసనాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. వాళ్లతో మాట్లాడాక తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పోదామని నిర్ణయించుకున్నాను. తమ్ముడికి మాత్రం రెండు భయాలు. పోలీసు కేసు అవుతుందేమో, జట్టుకు తెలిస్తే ఆట పోతుందేమో. "అక్కా, డోప్ టెస్టులో దొరికితే నా బతుకు అయిపోయినట్టే" అన్నాడు. వాడి భయంలో అర్థముంది. 2024 జనవరి 1 నుంచి ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ వాడా, పోటీల సమయంలో ట్రమడాల్‌ని నిషేధించింది. కేసు విషయంలో మాత్రం చట్టమే దారి ఇచ్చింది. తనంతట తాను చికిత్సకు వచ్చిన బాధితుడికి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఈ రెండూ చదివి వినిపించాకే బస్సెక్కాడు.

ఓపీలో డాక్టరమ్మ మొదట అడిగింది, చివరిసారి ఎప్పుడు తాగావని. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి చెదిరి, లేనివి కనబడి, ప్రాణం మీదికి రావచ్చు. ట్రమడాల్‌తో కూడా ఫిట్స్ ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లో ఆపొద్దని అడ్మిట్ చేసుకున్నారు. విటమిన్ బి1 ఇంజెక్షన్లు, లివర్ పరీక్షలు, వణుకు తగ్గే మాత్రలు ఇచ్చి వాటిని మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. మూడో రాత్రి చాలా కష్టమైంది. ఒళ్లంతా నొప్పులు, విరేచనాలు, కాళ్లు ఒకచోట పెట్టలేకపోయాడు. "ఇంటికి పోదాం పదక్కా" అని చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ముగ్గురు మీదపడ్డా పట్టు వదలని మనిషి.

ఆటగాళ్ల ఇళ్లవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఓపియాయిడ్ అలవాటుకు ఇచ్చే బుప్రెనార్ఫిన్ కూడా పోటీల సమయంలో వాడా నిషేధించిన మందే. మేం ముందే చెప్పాం కాబట్టి డాక్టరమ్మ నాల్ట్రెక్సోన్ అనే ఇంకో మందు వైపు వెళ్లింది. దానికి ఆ ఇబ్బంది లేదు. అయితే ఓపియాయిడ్ ఒంట్లో ఉండగా అది వేస్తే విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆపినప్పుడు వచ్చే బాధలు, ఒక్కసారిగా ముంచుకొస్తుందట. ట్రమడాల్ పూర్తిగా ఆపి, వారం పది రోజులు గడిచాకే మొదలుపెట్టారు.

అసలు మలుపు ఫిజియోథెరపీ దగ్గర. సైకియాట్రీవాళ్లే ఆర్థోకి పంపారు. తొడ కండరం బాగా తగ్గిపోయింది, మోకాలు ఒంటి బరువు మోయలేకే నొప్పి అన్నారు. రోజూ వ్యాయామాలు, ఐస్. నొప్పి కొంచెం కొంచెంగా దిగింది. నొప్పి దిగిన కొద్దీ మాత్రల ఆలోచన తగ్గిందని వాడే చెప్పాడు. ముందే ఎవరైనా ఆ మోకాలిని సరిగ్గా చూసి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదని నా నమ్మకం.

సాయంత్రాలు మాత్రం గండం. ఆట లేని మనిషికి ఆ వేళ గడవదు. పాకిస్తాన్ బౌలర్ వసీం అక్రమ్ కూడా క్రికెట్ మానేశాక కొకైన్‌కు అలవాటు పడ్డానని, పోటీలో ఉండే ఆ ఊపు దొరక్కే అటు పోయానని 2022లో చెప్పాడు. ఆ సంగతి చదివి వినిపిస్తే తమ్ముడు "అదే అక్కా, అదే" అన్నాడు. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 2014లో తాగి కారు నడిపి దొరికి, చికిత్సకు వెళ్లి, 2016 రియో ఒలింపిక్స్‌లో ఐదు బంగారు పతకాలు గెలిచిన సంగతీ చెప్పాను. దానికి పెద్దగా పలకలేదు. అక్రమ్ మాటే వాడికి తగిలింది. ఇప్పుడు సాయంత్రాలు ఊరి బడి పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు. మధ్యలో ఒక జాతర రాత్రి మళ్లీ తాగాడు. మర్నాడు తనే ఫోన్ చేసి చెప్పాడు, ఇద్దరం కలిసి ఓపీకి పోయాం. డాక్టరమ్మ తిట్టలేదు, ఆ రోజు మోకాలు ఎలా ఉందని అడిగింది.

మీ ఇంట్లో ఇలాంటి ఆటగాడుంటే ఓపీకి వెళ్లేటప్పుడు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, ఆపరేషన్ కాగితాలు, పాత ఎంఆర్ఐ తీసుకెళ్లండి. పోటీలు ఆడతాడని మొదటి నిమిషంలోనే చెప్పండి. రాసిన ప్రతి మందునూ వాడా నిషేధ జాబితాతో సరిచూడమనండి. నిషేధించిన మందు తప్పనిసరైతే టీయూఈ అనే అనుమతి ఉంటుంది, దానికి మన దేశ యాంటీ డోపింగ్ సంస్థ నాడాకు ముందే దరఖాస్తు చేసుకోవాలి. రాత్రిపూట మనసు చెదిరితే 14416, టెలీమానస్‌కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.